కోపం ఒకరిది, డబ్బు ఒకరిది: డీజే పాటల వీడియోలు ఎలా పాకుతున్నాయి

క్లుప్తంగా: ముఖం కనపడని ఎలక్ట్రానిక్ సంగీతానికి పేరు తెచ్చేది చాలావరకు వీడియోనే. ఖర్చు తక్కువైనా, గొడవ రేగినా ఆ వీడియో పాకుతుంది. గొడవ వల్ల లాభం ఉందా లేదా అన్నది మాత్రం ఒక చిన్న లెక్క మీద ఆధారపడి ఉంటుంది. కోపం వచ్చేవాళ్లూ డబ్బు ఇచ్చేవాళ్లూ వేరువేరా, ఒక్కరేనా? బ్రిటన్‌లో, అమెరికాలో వేరువేరు. కర్నూలు, కడప, అనంతపురంలో చాలాసార్లు ఒక్కరే. ఇక్కడి డీజే పాటలు ఫలానా రకం గొడవల వైపే ఎందుకు మొగ్గుతున్నాయో ఈ తేడా చెబుతుంది.

కర్నూలు పాతబస్తీలోనో, కడప ఏడు రోడ్ల దగ్గరో పెళ్లి ఊరేగింపు పోతుంటే ఓ ఐదు నిమిషాలు ఆగి వింటే చాలు. పాట మంచి ఊపులో ఉండగా బీట్ టక్కున ఆగిపోతుంది. బరువైన గొంతు ఒకటి డీజే పేరు, ఊరి పేరు చెబుతుంది. ఆ గొంతుకు ఎకో పెట్టి ఉంటుంది. మరుక్షణం బాక్సులు మళ్లీ దద్దరిల్లుతాయి. దీన్నే కుర్రాళ్లు ‘ట్యాగ్’ అంటారు. పాట పెన్‌డ్రైవ్‌లో, వాట్సాప్‌లో ఎన్ని చేతులు మారినా అందులోంచి ఆ పేరు ఊడిరాదు. పాటను కాపీ కొట్టినవాడే పైసా తీసుకోకుండా డీజేకు ప్రచారం చేసిపెడతాడు.

ఇప్పుడు ట్యాగ్‌కు వీడియో తోడైంది. ఫోన్‌తో తీసిన మూడు నిమిషాల ‘ప్రైవేట్ సాంగ్’. అరువు తెచ్చిన స్కార్పియో, తెల్ల చొక్కాలు, తొడ చరుపు, ఒక్కోసారి చేతిలో వేటకొడవలి. కొన్నిటికి లక్షల్లో వ్యూస్ వస్తాయి. అదే వీడియో చూసి స్టేషన్ నుంచి ఫోనూ వస్తుంది. ఇంత చవగ్గా తీసినదాన్ని అంతమంది ఎందుకు చూస్తున్నారని పెద్దవాళ్లు అడుగుతారు. అంతమంది చూసినా చేతికి రూపాయి రాలేదేంటని తీసినవాళ్లు అడుగుతారు. ఈ రెండూ విడివిడి ప్రశ్నల్లా కనపడతాయి గానీ, రెంటికీ మూలం ఈ సంగీతం నడిచే పద్ధతిలోనే ఉంది.

### ముఖం లేని పాట

సినిమా పాటకు హీరో ఉంటాడు. జానపదానికి పాడే మనిషి ఉంటుంది. ఎలక్ట్రానిక్ పాటను ఒకడు గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, ఇంకెవరో పాడిన ముక్క తీసుకుని, దాని కింద డ్రమ్ము, బేస్ అల్లి తయారు చేస్తాడు. స్టేజి ఎక్కినా బటన్లు తిప్పడం తప్ప జనానికి చూపించడానికి ఏమీ ఉండదు. ఇది మొదటి నుంచీ ఉన్న ఇబ్బందే. ఫ్రాన్స్‌కు చెందిన డాఫ్ట్ పంక్ జంట హెల్మెట్లు పెట్టుకుని ఆ ముఖం లేకపోవడాన్నే గుర్తుగా మార్చుకుంది. బ్రిటన్‌కు చెందిన ఏఫెక్స్ ట్విన్ దారి ఇంకా విచిత్రం. 1997లో వచ్చిన ‘కమ్ టు డాడీ’ వీడియోలో దర్శకుడు క్రిస్ కనింగ్‌హామ్ చిన్నపిల్లల ఒంటి మీద ఆ సంగీతకారుడి ముఖమే తగిలించాడు. పళ్లికిలించే గడ్డం మొహంతో గౌన్లు తొడుక్కున్న పిల్లలు అపార్ట్‌మెంట్ల మధ్య పరిగెత్తుతుంటారు. చూసినవాళ్లు పాట మర్చిపోయినా ఆ మొహాన్ని మర్చిపోలేరు.

సీమలో డీజే పరిస్థితి అంతకన్నా మేలేమీ కాదు. అతను లారీ మీద జనరేటర్ పక్కన, బాక్సుల గోడ వెనక నిలబడి ఉంటాడు. ముందు ఎగురుతున్నవాళ్లకు అతని తల కూడా కనపడదు. ఊరేగింపు అయ్యాక అందరికీ గుర్తుండేది బాక్సుల చప్పుడు, పెళ్లికొడుకు స్నేహితుల డాన్సు. మొదట ట్యాగ్, తర్వాత ఫ్లెక్సీ, ఇప్పుడు వీడియో వచ్చింది ఈ లోటు పూడ్చుకోవడానికే.

### ఎనిమిది వందల డాలర్ల డాన్సు

తక్కువ ఖర్చు గురించి మాట్లాడితే ‘ప్రెయిజ్ యూ’ను వదలలేం. ఫ్యాట్‌బాయ్ స్లిమ్ పేరుతో బ్రిటన్‌కు చెందిన నార్మన్ కుక్ చేసిన పాట అది. వీడియో తీసింది స్పైక్ జోంజ్. లాస్ ఏంజెలెస్‌లోని వెస్ట్‌వుడ్‌లో ఒక సినిమా హాలు ముందు, ఎవరి అనుమతీ అడగకుండా, టికెట్ల కోసం నిలబడ్డ జనం ముందే ఓ డాన్సు బృందం వచ్చి ఎగురుతుంది. డాన్సు ఏమంత బాగుండదు, కావాలనే అలా చేయించారు. ఖర్చు 800 డాలర్లని చెబుతారు. అప్పటి మారకం రేటులో మన 34 వేల రూపాయలు, అటూ ఇటూగా. అందులో పెద్ద పద్దులు కొత్త టేప్ రికార్డరు, బృందానికి భోజనాలు. 1999 ఎంటీవీ అవార్డుల్లో ఆ వీడియోకు మూడు వచ్చాయి.

అందులో ఒక క్షణం ఈ వ్యాపారం కిటుకంతా చెప్పేస్తుంది. మధ్యలో హాలు ఉద్యోగి ఒకాయన విసుక్కుంటూ వచ్చి టేప్ ఆపేస్తాడు. ఆ ముక్కను తీసేయకుండా వీడియోలోనే ఉంచారు. అది సెట్టింగు కాదనీ, నిజంగానే జనం మధ్య జరిగిందనీ చూసేవాడికి నమ్మకం కుదిరింది అక్కడే. కోట్లు పెట్టి తీసిన వీడియోకు ఆ నమ్మకం రాదు. చవక అంటే నాసిరకం అని మన దగ్గర ఒక అభిప్రాయం ఉంది. ఈ తరహా వీడియోల్లో మాత్రం, ఇది ఎవరైనా తీయగలిగేదే అన్న భావన కలిగించేది ఆ చవకతనమే.

గండికోటలో పాట తీసేవాళ్లకు ఇది బాగా తెలుసు. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, షూటింగ్‌కు ముందే అనుమతి తీసుకుని ఫీజు కట్టాలి. కానీ ఫోన్ చేతిలో ఉంటే టూరిస్టు, ట్రైపాడ్ వేస్తేనే షూటింగ్. అందుకే పెన్నా లోయ అంచున తీసే పాటల్లో కెమెరా ఎప్పుడూ కాస్త ఊగుతూ ఉంటుంది.

### టీవీ వద్దన్నప్పుడు

గొడవ వల్లే పాట హిట్టవుతుందన్న మాటకు అందరూ చూపించే ఉదాహరణ బ్రిటన్ బృందం ద ప్రాడిజీ. 1997 నవంబరులో వచ్చిన ‘స్మాక్ మై బిచ్ అప్’ పేరే ఆడవాళ్ల మీద హింసను మెచ్చుకుంటోందని అమెరికాలో మహిళా సంఘాలు మండిపడ్డాయి. జొనాస్ ఆకర్‌లుండ్ తీసిన వీడియోలో తాగుడు, మత్తుమందులు, కొట్లాట, నగ్నత్వం అన్నీ ఒక మనిషి కళ్లతో చూసినట్టు నడుస్తాయి. ఆ మనిషి ఆడమనిషి అని ఆఖర్న అద్దంలో తెలుస్తుంది. ఎంటీవీ దాన్ని అర్ధరాత్రి దాటాకే వేసింది. వాల్‌మార్ట్, కేమార్ట్ దుకాణాలు ఆల్బమ్‌ను అరల నుంచి తీసేశాయి. మరుసటి ఏడాది అదే వీడియోకు అదే ఎంటీవీ రెండు అవార్డులు ఇచ్చింది.

ఇంతవరకు అందరూ చెప్పుకునేదే. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే కథ కొంచెం మారుతుంది. ఆ ఆల్బమ్ 1997 వేసవిలోనే బ్రిటన్‌లో, అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. వీడియో గొడవ ఆ తర్వాత నెలలకు వచ్చింది. అంటే అప్పటికే ఉన్న పేరును గొడవ పెద్దది చేసింది. ఎవరికీ తెలియని బృందాన్ని అది పైకి తేలేదు. గొడవ పెట్టుకుంటే చాలు, పేరు దానంతట అదే వస్తుందనుకునేవాళ్లు ఈ వరుస క్రమాన్ని చూడరు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. అక్కడ కోపం వచ్చింది తల్లిదండ్రులకు, సంఘాలకు, దుకాణాల యాజమాన్యాలకు. సీడీ కొన్నది వాళ్ల పిల్లలు. పెద్దలు ఎంత తిడితే కుర్రాళ్లకు అంత ముచ్చట. తిట్టేవాడి జేబు వేరు, కొనేవాడి జేబు వేరు కాబట్టి తిట్టు కూడా ప్రచారమే అయింది.

అప్పట్లో ఇంకో సౌకర్యం ఉండేది. టీవీ చానల్ అనే కాపలాదారు వద్దంటే అది వార్త. 2010లో బ్రిటన్ గాయని ఎం.ఐ.ఏ. పాట ‘బార్న్ ఫ్రీ’ నాటికే ఇది మారడం మొదలైంది. ఎర్రజుట్టు కుర్రాళ్లను సైనికులు ఏరి చంపుతున్నట్టు తీసిన ఆ వీడియోను యూట్యూబ్ అడ్డుకోవడం కూడా వార్తే అయింది గానీ, అప్పటికే ఆమెకు పేరుంది. ఇవాళ ఒక చిన్న చానల్ వీడియోకు వయసు పరిమితి పెడితే ఏ పేపరూ రాయదు. లాగిన్ కానివాళ్లకు ఆడదు, ప్రకటనలు తగ్గిపోతాయి లేదా అసలు రావు, మామూలుగా కొత్తవాళ్ల ముందుకు వెళ్లాల్సిన వీడియో వెళ్లదు. ఒకప్పుడు నిషేధానికి చప్పుడుండేది. ఇప్పుడది సైలెంట్‌గా జరిగిపోతుంది.

### బీట్ పడ్డప్పుడు కట్

తర్వాతి మార్పు 2013 ఫిబ్రవరిలో వచ్చింది. అమెరికాకు చెందిన బావర్ తన పడకగదిలో చేసిన ‘హార్లెం షేక్’ 2012లోనే విడుదలైంది, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తొమ్మిది నెలల తర్వాత ముప్పై సెకన్ల వీడియోల వరద మొదలైంది. మొదటి సగంలో ఒక్కడే మాస్కు పెట్టుకుని ఊగుతుంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు పట్టనట్టు ఉంటారు. బీట్ పడగానే ఒక కట్, గదిలో ఉన్నవాళ్లందరూ పిచ్చిపట్టినట్టు ఎగురుతుంటారు. అంతే. ఆఫీసులో, హాస్టల్లో, స్విమ్మింగ్ పూల్‌లో ఎక్కడైనా చేయొచ్చు.

ఇక్కడ వీడియో తీసింది సంగీతకారుడు కాదు, వినేవాళ్లు. పాట నిర్మాణమే వాళ్లకు స్క్రీన్‌ప్లే ఇచ్చింది. ఎలక్ట్రానిక్ సంగీతంలో బీట్ ఆగి మళ్లీ విరుచుకుపడే చోటును ‘డ్రాప్’ అంటారు. ఎడిటింగ్ రానివాడికి కూడా ఎక్కడ కట్ చేయాలో అది చెప్పేస్తుంది. ఇవాళ రీల్స్‌లో మామూలు చొక్కా కాస్తా బీట్ పడగానే పట్టుపంచెగా మారిపోవడం వెనక ఉన్నది ఇదే సూత్రం. అదే నెలలో బిల్‌బోర్డ్ సంస్థ, అమెరికాలో పాటల ర్యాంకులు చెప్పే తన హాట్ 100 జాబితాకు యూట్యూబ్ వీక్షణలను కూడా లెక్కలోకి తీసుకుంది. పాట నేరుగా మొదటి స్థానంలో దిగి ఐదు వారాలు అక్కడే ఉంది.

డబ్బు సంగతి వేరే. ఆ పాటలోని రెండు గొంతు ముక్కలు అనుమతి లేకుండా వాడినవి. ఒకటి పోర్టోరికో రెగేటన్ గాయకుడు హెక్టర్ డెల్గాడోది. పాట ప్రపంచమంతా మోగేనాటికి ఆయన పాటలు మానేసి మత బోధకుడయ్యాడు. తన గొంతు అందులో ఉందని తెలిసి హక్కు అడిగాడు. ఇంకొకటి ఫిలడెల్ఫియా రాప్ బృందంలోని జేసన్ మసన్‌ది. తన చేతికి డబ్బు అందలేదని బావర్ ఆ ఏడాదే చెప్పాడు. ప్రపంచంలో నంబర్ వన్ పాట చేసినవాడి పరిస్థితే అది.

సినిమా పాట గొంతు తీసి రీమిక్స్ చేసే కర్నూలు డీజేకు ఇది తెలిసిన కథే. యూట్యూబ్ ‘కంటెంట్ ఐడీ’ వీడియో ఎక్కించిన కాసేపటికే పాటను గుర్తుపడుతుంది. హక్కున్న ఆడియో కంపెనీ దాన్ని ఆపేయొచ్చు, లేదా ఉండనిచ్చి ప్రకటనల డబ్బు తను తీసుకోవచ్చు. సాధారణంగా రెండోదే జరుగుతుంది. పది లక్షల వ్యూస్ వచ్చినా డీజేకు సున్నా. కంపెనీ నేరుగా తొలగించమని కోరితే అది స్ట్రైక్. తొంభై రోజుల్లో మూడు పడితే చానలే పోతుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. అదే పాటను పెళ్లి ఊరేగింపులో వినిపిస్తే కాపీరైట్ ఉల్లంఘన కాదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లోనే మతపరమైన వేడుకలకు, పెళ్లి ఊరేగింపులకు ఆ మినహాయింపు ఉంది. లారీ మీద చెల్లిన పాట ఫోన్‌లోకి ఎక్కగానే క్లెయిమ్ అవుతుంది.

### సీమలో లెక్క ఎక్కడ తేలుతుంది

మరి డబ్బు రానప్పుడు వీడియో ఎందుకు తీయడం? బుకింగ్ కోసం. ఇక్కడ వీడియో అంటే కదిలే విజిటింగ్ కార్డు. పెళ్లిళ్లు, జాతరలు, వినాయక చవితి, హీరోల పుట్టినరోజులు, నాయకుల ర్యాలీలు. వీటికి డీజే బండి మాట్లాడుకునే కుర్రాడు ఏ పేరు విన్నాడో ఆ నంబరుకే ఫోన్ చేస్తాడు. కర్నూలు నుంచి గద్వాల, రాయచూరు, అనంతపురం నుంచి బళ్లారి దగ్గరే. వీడియో పాకితే పక్క రాష్ట్రం నుంచి కూడా బేరాలు వస్తాయి.

షూటింగ్ కూడా ఆ లెక్కకు తగ్గట్టే ఉంటుంది. పొద్దున ఆరింటికి తుంగభద్ర ఇసుకలోకి రెండు బైకులు, ఒక కారు వస్తాయి. ఒకడు బైకు మెల్లగా నడుపుతుంటే వెనక సీటు మీద తిరగేసి కూర్చున్నవాడు ఫోన్ పట్టుకుని తీస్తాడు. అదే ట్రాలీ షాట్. బ్లూటూత్ స్పీకర్‌లో పాటను ఒకటిన్నర రెట్లు వేగంగా పెట్టి, ఆ వేగానికే పెదాలు కదిపిస్తారు. తర్వాత ఫోన్‌లో వీడియోను నెమ్మది చేస్తే పెదాలు అసలు పాటతో కలుస్తాయి, నడక మాత్రం సినిమా హీరోది లాగా బరువెక్కుతుంది. ఎండ ముదిరేలోపు ముగించాలి, కారు అసలు ఓనరుకు తొమ్మిదింటికల్లా కావాలి. ఖర్చులో పెద్ద పద్దులు పెట్రోలు, బిర్యానీ. ఈ ఒక్క విషయంలో వెస్ట్‌వుడ్‌కూ కర్నూలుకూ తేడా లేదు.

తేడా గొడవ దగ్గర వస్తుంది. ఇక్కడ డీజేకు డబ్బు ఇచ్చేది పెళ్లికూతురి నాన్న, మండపం కమిటీ పెద్దలు, జాతర పెద్దమనుషులు. బూతు పాటకో, అసభ్యమైన డాన్సుకో ముందుగా మండిపడేదీ వాళ్లే. ద ప్రాడిజీకి పనికొచ్చిన సూత్రం ఇక్కడ తిరగబడుతుంది. బూతు వీడియోకు వ్యూస్ విజయవాడ నుంచీ హైదరాబాద్ నుంచీ వస్తాయి, బుకింగ్ పోయేది మాత్రం సొంత ఊళ్లో. అందుకే సీమ డీజే వీడియోల్లో అశ్లీలత అంతగా నిలబడలేదు. ఒకటి రెండు ప్రయత్నించినవాళ్లూ దాన్ని కొనసాగించరు. సంస్కారం దానికి ఒక కారణం కావచ్చు. లెక్క మాత్రం కచ్చితంగా ఒక కారణం.

డబ్బు వచ్చే గొడవ ఇక్కడ ఒక్కటే మిగిలింది. ఒక వర్గాన్ని గిల్లి ఇంకో వర్గాన్ని మురిపించేది. కులం పాటలు, పార్టీ పాటలు, ఒక హీరో అభిమానులు ఇంకో హీరో మీద కట్టించుకునే పాటలు. ‘మేం వస్తే మీరు కూర్చోవాలి’ అన్న ధోరణిలో సాగే చరణం, దాని వెనకే డ్రాప్, డ్రాప్ మీద తొడ చరుపు. ఇందులో కోపం వచ్చేవాడు అవతలి వీధివాడు, డబ్బు ఇచ్చేవాడు ఇవతలి వీధివాడు. సీడీల కాలం నాటి సూత్రం ఇక్కడ మళ్లీ పనిచేయడం మొదలుపెడుతుంది. వేటకొడవళ్లు, సుమోలు కూడా ఈ దారినే వచ్చాయి. ఫ్యాక్షన్ సినిమాలు సీమకు తగిలించిన ఆ బొమ్మను సీమ కుర్రాళ్లే మళ్లీ తొడుక్కుని తిరుగుతున్నారు. బయటివాళ్లు వెంటనే గుర్తుపట్టే బొమ్మ అదొక్కటే మరి.

ఒక తేడాను మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. లండన్‌లో తిట్టిన నాయకుడు పాట కొన్న కుర్రాడికి ఎదురుపడడు. ఇక్కడ గిల్లినవాడూ గిల్లించుకున్నవాడూ ఒకే టీకొట్టుకు వస్తారు. ఊరేగింపు అవతలి వీధిలోంచే పోవాలి. పాటను ఫోన్‌లో చూసి ఊరుకున్నవాడు, అదే తన గుమ్మం ముందు బాక్సుల్లో మోగితే ఊరుకోడు.

### చట్టం ఎక్కడ తగులుతుంది

థియేటర్‌లో వేసే సినిమాకు సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, యూట్యూబ్ పాటకు అక్కర్లేదు. దాంతో ఏది పెట్టినా అడిగేవాళ్లు లేరన్న భ్రమ ఉంది. ఐటీ చట్టం సెక్షన్ 67 ప్రకారం అశ్లీలమైనదాన్ని ఆన్‌లైన్‌లో పెడితే మొదటిసారికి మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా పడొచ్చు. వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టడం 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 196 కిందికి వస్తుంది, దానికీ మూడేళ్ల వరకు శిక్ష ఉంది. దళితులను, గిరిజనులను కించపరిచే చరణమైతే అట్రాసిటీ చట్టం వర్తిస్తుంది. ఇక శబ్దం. 2000 నాటి నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు బయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు, నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్. డీజే బండి పక్కన నిలబడినవాడికి ఆ అంకె నవ్వు తెప్పిస్తుంది.

పాట రాసినవాడు, తీసినవాడు, లారీ ఓనరు, కమిటీ. కేసు వరకు వస్తే ఎవరి పేరు ముందుంటుందన్నది ఊహించడం కష్టమేమీ కాదు. ట్యాగ్ ఎవరిదో వాళ్లది. ప్రచారం కోసం పాటలో కుట్టిన పేరే సాక్ష్యం కూడా అవుతుంది.

### వ్యూస్ పెరిగి, విలువ తగ్గి

2020 జూన్‌లో టిక్‌టాక్ ఆగిపోయాక రీల్స్, షార్ట్స్ ఆ చోటును తీసుకున్నాయి. 2025 మార్చి నెలాఖరు నుంచి షార్ట్స్‌లో వీడియో ఆడటం మొదలైతే చాలు, వ్యూ కిందే లెక్కేస్తున్నారు. వేలితో పైకి తోసేసినవాడూ లెక్కలోకి వస్తాడు. దాంతో అంకెలు ఉబ్బుతాయి. డబ్బుకు వాడే లెక్క మాత్రం వేరేగా ఉంచారు. పది లక్షలు అన్న మాటకు బుకింగ్ మాట్లాడేవాళ్ల దగ్గర మునుపటి విలువ నిలవడం కష్టం. ‘మా పక్క ఊళ్లో వాయించాడు, బాగుంది’ అన్న మాటకు మళ్లీ బరువు పెరగొచ్చు. సినిమా గొంతు వాడకుండా సొంతంగా పాడించి, సొంతంగా బీట్ కట్టుకునేవాళ్లకు క్లెయిమ్ బెడద ఉండదు కాబట్టి, కొందరైనా అటు మళ్లే అవకాశం ఉంది. ఊళ్లో చెక్కభజన, కోలాటం పాటలు పాడేవాళ్లకు కొదవ లేదు.

గొడవ పాటలు ఆగుతాయనుకోవడానికి మాత్రం పెద్దగా ఆధారం లేదు. అవి దారి మార్చుకుంటాయంతే. అందుకు సులువైన పద్ధతి ఒకే పాటకు రెండు వెర్షన్లు చేసి పెట్టుకోవడం. యూట్యూబ్‌కు వెళ్లేదాంట్లో కొడవలి షాట్ ఉండదు, కులం పేరున్న చోట సైరన్ మోత పడుతుంది. పెన్‌డ్రైవ్‌లో వెళ్లేదాంట్లో అన్నీ ఉంటాయి. రెండింటిలోనూ మారనివి ట్యాగూ, చివరి మూడు సెకన్లు తెర మీద నిలిచే ఫోన్ నంబరూ.